ఏడో చోటు

ఎడిన్‌బరో, మార్చ్‌మాంట్
1988 మే 14, శనివారం

అక్కా,

మే పద్నాలుగు, పొద్దున ఎనిమిది గంటలు. మెట్ల కింద చాప మీద పడి ఉన్న ఉత్తరాల్లో నాన్న చేతిరాత కనిపించడం ఈ రోజు మొదటి వింత. పుట్టినరోజు కార్డు మీద కూడా "నాన్న" అని మాత్రం రాసి ఊరుకునే మనిషి, నాకు ఉత్తరం రాశాడు! మొత్తం మూడు వాక్యాలు. "తుంటి మాట వినడం లేదు. డాక్టరు నీళ్ళలో దిగొద్దన్నాడు. సోమవారం నుంచి మన చోట్లో ఎల్స్‌పెత్ నిలబడుతోంది."

ఆ మూడో వాక్యాన్ని మెట్ల మీదే కూర్చుని చదివాను. లేచి గదిలోకి వచ్చి మళ్ళీ చదివాను.

నువ్వా? రోడ్డు మీద వాన నీళ్ళ గుంట కనిపిస్తే చుట్టూ తిరిగి వెళ్ళే దానివి. నేను నాన్న వెనక మోకాలి లోతు నీళ్ళలో నిలబడితే ఒడ్డున ఉండి "దానికి జలుబు చేస్తుంది, పైకి తోలెయ్ నాన్నా" అని అరిచినదానివి. పదకొండేళ్ళప్పటినుంచి ఆ పదహారడుగుల దూలం రెండో కొన భుజాన వేసుకుని ఇసుక మీద మైలు దూరం నడిచింది నేను. మూడు కాళ్ళ మీద దూలాన్ని ప్రవాహానికి అడ్డంగా నిలబెట్టి, వెనక వల తిత్తిలో చేప తగిలితే ఏ వేలికి ముందు తెలుస్తుందో నేర్చుకుంది నేను. పోటు కంటికి కనిపించక ముందు ఇసుక ఎలా గుసగుసలాడుతుందో, దాన్ని చెప్పడానికి ఏ మాట సరిపోతుందా అని ఇక్కడ రాత్రీ పగలూ నిఘంటువులు తిరగేస్తున్నది కూడా నేనే.

పోటుకి ఎదురుగా వలలు పట్టుకుని నిలబడే వరుసలో పదకొండు చోట్లు. ఏడోది మన ఇంటిది, ముత్తాత నాటినుంచి. అందులో ఏనాటికైనా నేనే నిలబడతాననుకున్నాను. వరుసలో మొదటి ఆడమనిషిని నేనే అవుతాననుకున్నాను. ఆ మొదటి మాట కూడా నువ్వే తీసేసుకున్నావు.

మొన్న తరగతిలో మా మాస్టారు అసూయకీ ఈర్ష్యకీ తేడా ఏమిటో గంటసేపు చెప్పారు. అప్పుడు అర్థం కాలేదు. ఇవాళ రెండూ ఒకేసారి అర్థమయ్యాయి.

నాన్న తుంటి ఎలా ఉంది? ఇది అన్నిటికంటే ముందు అడగాల్సిన మాట. అడగలేదు. నీ దగ్గర దాచి ఏం లాభం.

రోనా

*

స్కార్‌ఫుట్, సోల్వే తీరం
మే 20

ఒసే రోనా,

మీ మాస్టారు గంటసేపు చెప్పినదాన్ని మన ఊళ్ళో కుళ్ళు అంటారు. ఒక్క మాటతో సరిపోతుంది. చదువుకి కట్టిన డబ్బు కూడా మిగిలేది.

నాన్న బాగానే ఉన్నాడు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని గాలి ఎటు తిరిగిందో అమ్మకి చెబుతుంటాడు. అమ్మ "నాకెందుకయ్యా, నేనేమన్నా పడవనా" అంటుంది. వంటింట్లో పొద్దస్తమానం ఇదే.

నీకు ముందే ఎందుకు రాయలేదంటే, ఇదిగో, నువ్వు ఇలాంటి ఉత్తరం రాస్తావని.

మొదటి రోజు సంగతి చెబుతా, నీ కడుపు చల్లబడుతుందేమో. నాన్న రబ్బరు బూట్లు నడుము దాకా వస్తాయి కదా, నాకు చంకల దాకా వచ్చాయి. వాటీ మామ నన్ను చూసి, "ఏమ్మా టామ్ కూతురా, నువ్వు బూట్లలో ఉన్నావా, బూట్లే నీలో ఉన్నాయా?" అన్నాడు. డెబ్బై రెండేళ్ళొచ్చినా ఆరో చోట్లో గుంజలా నిలబడతాడు, దూలవల సంఘం కార్యదర్శి పని కూడా ఇంకా వదల్లేదు. ఎనిమిదో చోట్లో సాండీ విలసీ. "ఇప్పటిదాకా వరుసలో ఆడవాళ్ళు లేరు" అని గొణిగాడు. "ఆ సంగతి చేపకి తెలుసా?" అన్నాడు మామ.

పోటు వచ్చింది. బురద నీళ్ళు తొడల దాకా, నడుము దాకా. కాళ్ళ కింద ఇసుక కదిలిపోతుంటే నేను రెండుసార్లు ఏదో అరిచానట. ఏమని అరిచానో నాకు గుర్తు లేదు గాని, సాండీకి ప్రతి అక్షరం గుర్తుంది. అందరికీ వినిపిస్తున్నాడు.

నాలుగో రోజు చేప పడింది. తొమ్మిది పౌన్లు. నాన్న చెప్పినట్టే చేశాను. దుడ్డుకర్రతో ఒకటే దెబ్బ, ఎందుకంటే కొట్టుకుంటూ చచ్చిన చేప కండ పాడవుతుంది. దవడలో వేలు పెట్టి ఎత్తాను, పొట్ట ముట్టలేదు. ఎండ తగలకముందే తడి గోనె కప్పాను. తర్వాత బిళ్ళ కట్టాను.

బిళ్ళల సంగతి నీకు తెలీదు, ఈ ఏడే పెట్టారు. ఉత్తరాన సముద్రంలో పంజరాలు కట్టి సాల్మన్లని కోళ్ళలా మేపుతున్నారు కదా. అవి సగం ధరకే వస్తున్నాయి. వాటినీ మన చేపల్నీ ఒకే గాటన కట్టెయ్యకుండా సంఘం ఆకుపచ్చ బిళ్ళలు చేయించింది. దవడకి నారతాడుతో కట్టాలి. మన బిళ్ళల మీద 7 అని ఉంటుంది. "ఒకసారి కట్టాక ఎవ్వరూ ముట్టుకోవడానికి వీల్లేదు. తినేవాడి వంటింటి దాకా అది చేపతోనే పోవాలి" అని మామ అందరి చేతా ఒట్టు వేయించాడు.

మధ్యాహ్నాలు మామూలుగానే, చేపలకి పొగబెట్టి అమ్మే లెయిడ్‌లా షెడ్డులో పని. ఎనిమిదేళ్ళుగా కోస్తున్న చేపలే. ఇప్పుడు వాటిలో కొన్ని నేను పట్టినవి. అదో తమాషా.

ఎల్స్‌పెత్

*

ఎడిన్‌బరో
మే 27

అక్కా,

తొమ్మిది పౌన్లన్నావు. సంతోషం. ("సంతోషం" అన్న మాటని ఇంత పొడిగా రాయడం ఎంత కష్టమో నీకు తెలియదు.)

ఒక విషయం. ఇసుక కదులుతోందంటే నువ్వు మడమల మీద బరువు వేస్తున్నావన్నమాట. ముందు పాదం మీద వెయ్యాలి. ఇది నాన్న చెప్పడు, ఆయన ఒళ్ళే ఆ పని చేసేస్తుంది కనుక. ఆయన్ని ఏడేళ్ళు వెనకనుంచి చూస్తూ నేను కనిపెట్టాను. కావాలంటే వాడుకో. నాదే కదా అని మొహమాటపడకు.

జూన్ ఆఖరుకి పరీక్షలైపోతాయి. వెంటనే వచ్చేస్తాను. జూలై నుంచి సెప్టెంబరు దాకా చోటు నాకిచ్చెయ్. నువ్వు ఎటూ భయపడుతూనే ఉన్నావు కదా. నేను వస్తే నీకు విముక్తి, నాకు ఏడో చోటు. ఇద్దరికీ లాభమే.

నాన్నతో నువ్వే చెప్పు. నేను రాస్తే ఆయన జవాబివ్వడు.

రోనా

*

స్కార్‌ఫుట్
జూన్ 3

రోనా,

కుదరదు. ఇంటాయన పడకేస్తే ఇంట్లో ఒకరి పేరు రాయించవచ్చు, ఒక్కసారే. ఈ ఏటి చేపల కాలం ముగిసేదాకా ఆ పేరు మారదు. నన్నడిగి పెట్టిన నియమం కాదిది.

ముందు పాదం మీద బరువు వేశాను. నిజమే, పనిచేసింది. నీకు కృతజ్ఞతలు చెప్పడానికి మూడు రోజులు పట్టింది నాకు.

ఇప్పుడు నా వంతు. కుళ్ళు నీ ఒక్కదాని సొత్తు అనుకుంటున్నావా? పోయిన అక్టోబరులో నీ మొదటి ఉత్తరం వస్తే నాన్న దాన్ని వలలు ఆరేసే కొట్టు దగ్గరికి తీసుకెళ్ళి అందరికీ చదివి వినిపించాడు. నీళ్ళ గురించి నువ్వేదో రాశావు, సాండీ కూడా కళ్ళు తుడుచుకున్నాడు. నేను షెడ్డునుంచి చేతులు కడుక్కోకుండా వచ్చి తలుపు దగ్గరే నిలబడి విన్నాను. ఎనిమిదేళ్ళుగా నేను ఇంటికి తెచ్చిన జీతం గురించి ఏ కొట్టులోనూ ఎవరూ ఏమీ చదవలేదు.

మొన్న పదకొండు పౌన్ల చేప పట్టాను. ఈ ఏడు వరుసలో అంత పెద్దది ఇంకెవరికీ పడలేదు. మోసుకొచ్చి నాన్న ముందు పెడితే గోనె ఎత్తి చూసి, "రోనా అయితే రెండు పట్టేది" అన్నాడు. హాస్యానికే అన్నాడు, నాకు తెలుసు. అమ్మ ఆయన ముందు సూపు గిన్నె ఎత్తి పడేసినట్టు పెట్టింది. అయినా ఆ మాట రాత్రంతా పళ్ళలో ముల్లులా ఉండిపోయింది.

నీకు గది ఉంది, బల్ల ఉంది, బల్ల మీద దీపం ఉంది. నా తడి బూట్లనైనా నాకు వదిలెయ్.

ఎల్స్‌పెత్

*

ఎడిన్‌బరో
జూన్ 18, శనివారం

స్కార్‌ఫుట్ దూలవల సంఘం కార్యదర్శి
శ్రీ వాల్టర్ రోమ్ గారికి,

నమస్కారాలు. ఈ విషయం మీ దృష్టికి తేవడం నా బాధ్యత అనుకుని రాస్తున్నాను.

ఈ ఉదయం ఇక్కడి ఒక చేపల దుకాణంలో "సోల్వే దూలవల సాల్మన్" అన్న పలక పెట్టి అమ్ముతున్న చేప ఒకటి చూశాను. దాని తోక అంచులు గుండ్రంగా అరిగి ఉన్నాయి. పక్క రెక్కలు పొట్టిగా, చిరిగినట్టు ఉన్నాయి. పొట్ట మెత్తగా, కొవ్వుతో వేలాడుతోంది. మన నీళ్ళలో ఈదిన చేప తోక కత్తెరలా ఉంటుందని మీకు నేను చెప్పనక్కర్లేదు. అది పంజరంలో పెరిగిన చేప, సందేహం లేదు. దాని దవడకి మన సంఘం ఆకుపచ్చ బిళ్ళ ఉంది. బిళ్ళ మీద సంఖ్య 7.

ఆ సంఖ్య ఏ ఇంటిదో మీకు తెలుసు. ఆ ఇంటిదాన్ని కనుకనే ఇది రాయడం నాకెంత కష్టమో ఊహించగలరు. ఎనిమిది వందల ఏళ్ళుగా వస్తున్నదని మీరు చెప్పే ఒక పనికి, మా ఇంటి బిళ్ళ వల్ల మచ్చ రాకూడదు. తగిన విచారణ జరిపించగలరు.

విధేయురాలు,
రోనా అర్వింగ్

*

ఎడిన్‌బరో
జూన్ 18

అక్కా,

ఇక్కడ అంతా బాగుంది. ఎండ కాస్తోంది. పరీక్షలు అయిపోవచ్చాయి. ప్రత్యేకంగా రాయడానికేమీ లేదు. అమ్మని, నాన్నని అడిగానని చెప్పు.

రోనా

*

స్కార్‌ఫుట్
జూన్ 24

రోనా,

నీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు ఊరికి వచ్చాయి. "ప్రత్యేకంగా రాయడానికేమీ లేదు" అన్నది నేను వంటింట్లో చదివాను. రెండోది మంగళవారం వలల కొట్టులో విన్నాను.

మామ పేరూ, మన ఇంటిదానివని తెలిసే మాటలూ వదిలేసి చదివాడు. కానీ ఫిర్యాదు ఎవరి మీదో వాళ్ళ చేతికి, రాసినవాళ్ళ పేరు తెలిసే చోట్లు కత్తిరించి, ఆ కాగితం ఇవ్వడం సంఘం ఆచారం. ఇచ్చాడు. నీకు ఆరేళ్ళప్పుడు వంటింటి బల్ల మీద నీ చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించింది నేను. ఆ చేతిరాత నాకు తెలియకుండా ఉంటుందా? నువ్వే రాశావని ఎవరికీ చెప్పలేదు. నాన్నకి కూడా.

ఏమైందో చెబుతా విను. నేను పట్టిన చేపలు లెయిడ్‌లా షెడ్డుకే పోతాయి. పొగబెట్టే చేపకి తల ఉండదు. ఆ తలలు కోసేది ఎవరనుకున్నావు? నేనే. కోసి పీపాలో పడేస్తాను. బిళ్ళ దవడకే ఉంటుంది. ముట్టుకోకూడదని ఒట్టు వేశాను కదా, ముట్టుకోలేదు. నా చేతులతో నేను కట్టిన బిళ్ళని, నా కత్తితో నేను కోసిన తలతో సహా, కళ్ళు తెరుచుకునే పీపాలో వేశాను. బయటివాడెవడైనా అయితే బిళ్ళ తెంపి పొయ్యిలో పడేసేవాడు. నాకు ఆ ఆలోచనే రాలేదు.

ఉత్తరం నుంచి పంజరం చేపల పెట్టెలు వస్తున్నాయి, అదీ చూశాను. వాటిని వాటి పేరుతోనే అమ్ముతున్నారనుకున్నాను, నా పీపాలోని బిళ్ళలు తీసి వాటికి కడుతున్నారని అనుకోలేదు. ఇప్పుడడిగితే లెయిడ్‌లా, "తలలు ఎండ్రకాయల బుట్టల్లోకి ఎరగా పోతాయి, బిళ్ళల సంగతి నాకేం తెలుసు?" అంటున్నాడు. కొట్టులో సాండీ, "నీ మాట తప్ప సాక్ష్యం ఏముంది పిల్లా?" అన్నాడు. హాస్యం లేకుండా అతను మాట్లాడ్డం మొదటిసారి విన్నాను.

నా దగ్గర బిళ్ళలు తీసేసుకున్నారు. నేను నీళ్ళలోకి దిగకూడదు. వరుసలో మామకీ సాండీకీ మధ్య నా వెడల్పున ఖాళీ వదిలి నిలబడుతున్నారు. పద్నాలుగు రోజులు అలా వదులుతారు. ఈలోగా ఏమీ తేలకపోతే, జూలై అయిదు పొద్దుటి పోటులో అందరూ ఒక్కొక్క అడుగు జరిగి ఖాళీ మూసేస్తారు. మూసిన చోటు మళ్ళీ తెరవరు. అయిదో ఇంటి వాళ్ళది అలాగే పోయిందని నాన్న చెప్పేవాడు, గుర్తుందా? పన్నెండు ఉండాల్సిన వరుస అప్పటినుంచే పదకొండు.

నాన్న కిటికీ దగ్గర కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు.

ఇంకొకటి. చెప్పొద్దన్నారు గాని ఇంక దాచి ఏం చెయ్యను. ఏప్రిల్ ఆఖర్లో డాక్టరు మాట విన్న రోజున నాన్న నన్ను పిలిచి, "రోనాకి తెలిస్తే చదువు ఆపేసి తరవాత రైలుకే వచ్చేస్తుంది. చోటు ఖాళీగా ఉంచితే పోతుంది. నువ్వు దిగవే" అన్నాడు. నేను నీళ్ళలోకి దిగింది నీ బల్లా నీ దీపం నీకు ఉండాలని. ప్రతి పోటుకీ భయపడుతూనే దిగాను.

కానీ మూడో వారంనుంచి భయం తగ్గింది. నాలుగో వారంనుంచి ఇష్టమైంది. పొద్దున్నే నీళ్ళు నడుముని చుట్టుకుంటే నాకు నేనున్నట్టు తెలుస్తోంది. ఇది మాత్రం నీకోసం చేసింది కాదు. ఇది నాది. నీకు ఇవ్వను.

ఎల్స్‌పెత్

*

స్కార్‌ఫుట్
జూన్ 27

రోనా అమ్మాయికి వాటీ రోమ్ రాయునది.

నీ ఉత్తరం చాలా శుభ్రంగా ఉంది. ఒక్క కొట్టివేత లేదు. నేను ఇంత శుభ్రమైన ఫిర్యాదు ఎప్పుడూ చూడలేదు.

నీకు నియమం తెలిసే ఉంటుంది, అయినా చెప్పడం నా పని. మన వరుసలో కాగితం మీద మాట సగం మాటే. ఎవరి మీద చెబుతున్నామో వాళ్ళ పక్కన నీళ్ళలో నిలబడి, పోటు ఎదురుగా వస్తుండగా, అందరూ వినేలా చెప్పాలి. కాలు జారితే ఎవరి చెయ్యి పట్టుకోవాలో ఆ మనిషి పక్కన నిలబడి అబద్ధం చెప్పడం కష్టం కాబట్టి పెద్దలు అలా పెట్టారు.

నీ మాట నిలబడితే మీ అక్క పేరు పోతుంది. ఏడో చోటు మీ ఇంట్లో రెండో మనిషికి, అంటే నీకు, వస్తుంది. నువ్వు చిన్నప్పుడు మీ నాన్న వెనక నిలబడడం అందరం చూశాం. నువ్వొస్తే కాదనేవాళ్ళు లేరు.

నీ మాట నిలబడకపోతే, తప్పు మాట తెచ్చినవాళ్ళ పేరు ఇంక ఏనాటికీ వరుసలో రాయం.

నువ్వు రాకపోతే, పంజరం చేపకి 7 బిళ్ళ దొరికిందన్న సంగతి అలాగే ఉంటుంది. ఖాళీ మూస్తాం. నాకు ఇష్టం లేదు, అయినా మూస్తాం.

అయిదో తేదీ పొద్దున అయిదింటికి పోటు.

వా. రోమ్

*

ఎడిన్‌బరో
జూన్ 28

అక్కా,

అవును. రాసింది నేనే.

ఇంతకు మించి కాగితం మీద పెట్టడానికి నాకు చేతకావడం లేదు. నేను, మాటలు తప్ప ఇంకేమీ తెలియనిదాన్ని. సోమవారం మధ్యాహ్నం రైలుకి వస్తున్నాను.

రోనా

*

స్కార్‌ఫుట్
జూన్ 30

నీ మంచం మీద ఉతికిన దుప్పటి వేశాను. మాట్లాడతానని మాత్రం అనుకోకు.

ఎ.

*

స్కార్‌ఫుట్, మన ఇల్లు, మేడ గది
జూలై 4, సోమవారం సాయంత్రం

కింది గదిలో ఉన్న అక్కకి,

ఒకే ఇంట్లో ఉండి ఉత్తరం రాయడం ఎంత వింతో. నువ్వు మాట్లాడనన్నావు కనుక ఇది నీ తలుపు కిందనుంచి తోస్తాను. చదువుతావన్న నమ్మకం ఉంది, ఎందుకంటే మధ్యాహ్నం నుంచి నీ గదిలో చప్పుడు లేదు. నువ్వు నిద్రపోతే గురక పెడతావు.

సూపు తాగుతూ నాన్నతో అంతా చెప్పేశాను. "నేనే రాశాను నాన్నా" అన్నాను. ఆయన గిన్నె నా వైపు జరిపి, "తిను, చల్లారిపోతోంది" అన్నాడు. అమ్మ, "చల్లారనీ, దానికి ఇవాళ చల్లటిదే తినాల్సిన రోజు" అంది. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు నీకు చెప్పాల్సింది.

ఆ రోజు దుకాణంలో నేను చేప తోక చూశాను, రెక్కలు చూశాను, పొట్ట చూశాను. తాడు కూడా చూశాను. దవడ దగ్గర నారతాడు తెగి, రెండో ముడితో మళ్ళీ కట్టి ఉంది. తెగిన చోట కొన పీచుగా, పాతబడి ఉంది. మన వాళ్ళు ఒకసారి కట్టాక ముట్టుకోరని నువ్వే రాశావు. అంటే ఆ బిళ్ళ ఇంకో చేపది, ఇంకెవరో తెంపి దీనికి కట్టారు. గాజు బల్ల ముందు నిలబడి ఉండగానే ఇదంతా నాకు అర్థమైంది. నాకు అర్థం కాలేదని చెప్పుకోవడానికి లేదు.

గదికి వచ్చి మామకి రాసిన మొదటి చిత్తులో తాడు గురించి ఒక వాక్యం ఉంది. రాసి, చదువుకుని, టీ పెట్టుకుని వచ్చి మళ్ళీ చదివాను. ఆ వాక్యం ఉంటే ఆ ఉత్తరం నీ మీద ఫిర్యాదు కాదు, నీకు సాక్ష్యం అవుతుంది. ఆ కాగితం చింపేసి, ఆ వాక్యం లేకుండా శుభ్రంగా తిరగరాశాను. ఒక్క కొట్టివేత లేదని మామ మెచ్చుకున్నాడు. మామకి తెలిసిపోయిందని నా అనుమానం.

ఎందుకు చేశానో అడగవు. నువ్వు పట్టిన పదకొండు పౌన్ల చేప నా కళ్ళలో ఈదుతూనే ఉంది. నేను చెప్పిన ముందు పాదం కిటుకుతోనే పట్టి ఉంటావని రోజూ అనుకున్నాను. నీకు చోటు పోతే నాకు వస్తుందని కాగితం మీద ఎక్కడా రాయలేదు, మనసులో కూడా వాక్యంగా అనుకోలేదు. కానీ తాడు వాక్యం తీసేసిన చేతికి తెలుసు.

మామ ఉత్తరం చూశాక కూడా ఒక పూట ఆశపడ్డాను. "నువ్వొస్తే కాదనేవాళ్ళు లేరు" అన్న చోటుని వేలితో రుద్ది రుద్ది చూశాను. ఇది కూడా నీకు తెలియాలి.

శనివారం మళ్ళీ ఆ దుకాణానికి వెళ్ళాను. దుకాణం ఆయనతో మామూలుగా మాట్లాడి, "ఈ బిళ్ళలు ముద్దుగా ఉన్నాయి, దాచుకుంటాను, ఇస్తారా?" అంటే నవ్వి అయిదు ఇచ్చాడు. 7లు రెండు, 4 ఒకటి, 8లు రెండు. అయిదింటికీ తాడు తెంపి మళ్ళీ కట్టినదే. సాండీది 8వ చోటే కదా? సరుకు ఏ షెడ్డునుంచి వచ్చిందని అడిగితే ఖాళీ పెట్టె తిప్పి మూత చూపించాడు. లెయిడ్‌లా ముద్ర. ఆ మూత కూడా అడిగి తెచ్చాను, రైల్లో అందరూ ముక్కు మూసుకున్నారు. ఇప్పుడు అది నా మంచం కింద ఉంది. మేడంతా చేపల కంపు.

కనుక రేపు నా ఫిర్యాదు నిలబడదు. నేనే పడగొడతాను. ఏడో చోటు నీది అవుతుంది, నా పేరు ఏనాటికీ వరుసలో ఉండదు. మంచిదాన్నయ్యానని అనుకోకు. ఈ వాక్యం రాస్తుంటే కూడా కడుపులో మండుతూనే ఉంది. రేపటినుంచి ఇంకా ఎక్కువ మండుతుందని తెలుసు. నాన్న చనిపోయాక కూడా నువ్వు ఆ నీళ్ళలో నిలబడతావు, నేను ఒడ్డున నిలబడి చూస్తాను. దానికి సరైన మాట ఏ నిఘంటువులోనూ దొరకదు. నువ్వు చెప్పిన మాటే సరిపోతుంది.

పొద్దున పోటు అయిదింటికి. నాలుగుంపావుకి నీ తలుపు కొడతాను, నువ్వు పలకనక్కర్లేదు. నాన్న బూట్లు నువ్వు వేసుకో, నేను తాతవి వేసుకుంటాను, అటక మీద చూశాను, ఎడమదానికి చిన్న చిల్లు ఉంది గాని ఒక్క పూటకి పనికొస్తుంది. బిళ్ళలు నా జేబులో, మూత నా చంకలో. దూలం రెండో కొన నేను మోస్తాను. ఆరో చోటుకీ ఎనిమిదో చోటుకీ మధ్య నువ్వు నిలబడు, నీ ఎడమ పక్కన నేను. నీళ్ళు నడుము దాకా వచ్చేవరకూ ఏమీ అనను. వచ్చాక చెబుతాను. ముందు తాడు గురించి.

రోనా